ముంగిసకి అన్‌డూ లేదు

పోయిన సెమిస్టర్ టెక్ ఫెస్ట్‌లో నాకు రెండో బహుమతి వచ్చిన సంగతి మీలో కొందరికైనా గుర్తుండే ఉంటుంది. ప్రాజెక్టు పేరు పెద్దదే కానీ విషయం చిన్నది. హాస్టల్ వెనక కుంటలో గంబూసియా చేపల్ని వదలాలి. అవి దోమల లార్వాల్ని తినేస్తాయి. ఒడ్డున కెమెరా పెట్టి, లార్వాలు ఎంత తగ్గాయో ఫోన్‌లో చూసుకోవచ్చు. అదే నెలలో మా వింగ్‌లో ముగ్గురు డెంగీతో ఇళ్ళకి వెళ్ళిపోయారు కాబట్టి జడ్జీలకి ఐడియా బాగా నచ్చింది.

చివర్లో ఒక ఫస్టియర్ తమ్ముడు లేచి అడిగాడు. "అన్నా, ఇది తేడా కొడితే ఆ చేపల్ని వెనక్కి ఎలా తీస్తాం?" హాలంతా నవ్వింది. నేనూ నవ్వి, "వల వేసి పట్టి పులుసు పెట్టుకుందాం తమ్ముడూ" అన్నాను. చప్పట్లు పడ్డాయి. మూడంగుళాలు దాటని చేపతో పులుసేంటో నాకే తెలియాలి.

ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. ఒకరోజు రాత్రి గంబూసియా గురించి వెతుకుతుంటే ఒక జాబితా కనబడింది. ప్రపంచంలో తమది కాని చోటికి వెళ్ళి అక్కడి జీవుల్ని దెబ్బతీసిన వంద జీవుల జాబితా అది. నేను బహుమతి తెచ్చుకున్న చేప అందులో ఉంది. అది చూసి గుండె జారిపోయింది. ఇంకాస్త కిందికి వెళ్తే మన ముంగిస కూడా ఉంది. ఊళ్ళో పొలం గట్టు మీద ఎదురైతే శకునం మంచిదనుకునే ముంగిస. పసిపిల్లాణ్ణి పాము నుంచి కాపాడితే, తొందరపడి దాన్నే చంపేశారని చిన్నప్పుడు కథగా విన్న ముంగిస. ఇది ఎవరికేం చేసింది అని వెతికితే జమైకా వచ్చింది.

జమైకా అనగానే మనకి ఉసేన్ బోల్ట్, బాబ్ మార్లీ, క్రిస్ గేల్ గుర్తొస్తారు. అక్కడి జంతువుల గురించి నాకు ఆ రోజు దాకా ఒక్క ముక్క తెలీదు. మన తెలంగాణలో పదో వంతు ఉండే ద్వీపం అది. చుట్టూ సముద్రం కాబట్టి పెద్ద జంతువులు అక్కడికి చేరలేదు. పులి లేదు, నక్క లేదు, నేల మీద తిరిగి వేటాడే పాలిచ్చే జంతువు ఒక్కటీ లేదు. ఉన్నవల్లా గబ్బిలాలు, ఒక రకం ఎలుక, హుటియా అనే జంతువు, బాగా పాతకాలంలో ఒక కోతి. ఆ కోతి ఎప్పుడో అంతరించిపోయింది, ఎముకలే మిగిలాయి.

తర్వాత యూరప్ వాళ్ళొచ్చారు. వాళ్ళ ఓడల్లో ఎలుకలూ వచ్చాయి. కొండా కోనా కొట్టేసి చెరకు వేస్తే ఆ ఎలుకలకి పండగే. తోటల యజమానులు తల పట్టుకున్నారు. 18వ శతాబ్దంలో క్యూబా నుంచి ఒక రకం చీమల్ని తెప్పించారు, ఎలుక పిల్లల్ని తింటాయని. లాభం లేకపోయింది. 1844లో కేన్ టోడ్ అనే పెద్ద గోదురుకప్పని తెచ్చి వదిలారు. ఎలుకలు తగ్గలేదు, కప్పలు మాత్రం పెరిగాయి. ఆ కప్ప కూడా నేను చూసిన వంద జీవుల జాబితాలో ఉంది.

అప్పుడు విలియం బాన్‌క్రాఫ్ట్ ఎస్ప్యూట్ అనే తోటల యజమాని మన దేశం వైపు చూశాడు. 1845 నుంచే కలకత్తా ఓడల్లో మన కూలీలు జమైకా చెరకు తోటలకి వెళ్తున్నారు. 1872లో ఆ కలకత్తా నుంచే తొమ్మిది ముంగిసలు వెళ్ళాయి. నాలుగు మగవి, ఐదు ఆడవి. అంతే. మన క్రికెట్ టీమ్‌కి ఇద్దరు తక్కువ.

ఎస్ప్యూట్ మూర్ఖుడేం కాదు. మొదట్లో తోటల్లో ఎలుకలు తగ్గాయి కూడా. పదేళ్ళ తర్వాత, 1882లో, తన విజయం గురించి లండన్ జంతుశాస్త్ర సంఘం పత్రికలో గర్వంగా రాశాడు. మిగతా ద్వీపాల వాళ్ళు మాకూ కావాలంటే మాకూ కావాలన్నారు. 1883లో జమైకా ముంగిసలు పసిఫిక్ సముద్రం దాటి హవాయి దాకా వెళ్ళాయి. ఇప్పటి భాషలో చెప్పాలంటే పైలట్ ప్రాజెక్ట్ సక్సెస్, స్కేలింగ్ మొదలు.

అసలు చిక్కు ఏంటంటే, ముంగిస పగలు తిరుగుతుంది, ఎలుక రాత్రి తిరుగుతుంది. పైగా నల్ల ఎలుక చెట్లెక్కేస్తుంది, ముంగిసకి చెట్లెక్కడం అంతగా రాదు. ఆకలి వేసిన ముంగిస ఏం చేస్తుంది? నేల మీద గూడు కట్టే పక్షుల గుడ్లు, తొండలు, పాములు, కోళ్ళు, ఏది దొరికితే అది తింటుంది. వేటాడే జంతువంటే ఏంటో తెలియని ద్వీపంలో అన్నీ సులువుగా దొరికాయి. ఇరవై ఏళ్ళు తిరగకుండానే ముంగిసే పెద్ద పీడ అయి కూర్చుంది.

ఇప్పుడు జమైకా జంతువులకి ఐయూసీఎన్ రెడ్ లిస్ట్ ఇచ్చిన గ్రేడ్లు చూడండి, మన రిజల్ట్స్ షీట్ చూసినట్టు.

జమైకా రైస్ రాట్, అంటే ఆ ద్వీపం సొంత ఎలుక: అంతరించింది. 1870ల తర్వాత దాని జాడ లేదు. నేరమంతా ముంగిసదే అనలేం. ఓడల్లో వచ్చిన ఎలుకలు, పిల్లులు అప్పటికే దాన్ని మూలకి నెట్టాయి. కానీ ఎలుకల్ని చంపడానికి మనిషి ఇంత హడావిడి చేస్తే వలస ఎలుక బతికింది, ఊరి ఎలుక పోయింది. ఇది చదివి కాసేపు ల్యాప్‌టాప్ మూసేశాను.

హుటియా: ఎండేంజర్డ్. అక్కడివాళ్ళు కోనీ అంటారు. కుందేలంత ఉంటుంది, తోక పొట్టి, ఆకులూ అలములూ తింటుంది, పగలంతా సున్నపురాయి బొరియల్లో దాక్కుని రాత్రిపూట బయటికొస్తుంది. గబ్బిలాల్ని పక్కన పెడితే, జమైకా నేల మీద మిగిలిన ఏకైక సొంత క్షీరదం ఇదే. ఎలుకలా ఈతకి పదేసి పిల్లల్ని పెట్టదు, ఒకటో రెండో పెడుతుంది. 1945 నుంచి అక్కడ వన్యప్రాణి రక్షణ చట్టం ఉంది, కోనీకి అది వర్తిస్తుంది కూడా. అయినా కుక్కలతో వేటాడటం ఆగలేదు, అడవి తరగడం ఆగలేదు.

గబ్బిలాలు: 21 జాతులు. చాలావాటికి ఇబ్బంది లేదు, కానీ రెండు మాత్రం క్రిటికల్లీ ఎండేంజర్డ్. ఒకటి పూల తేనె తాగే గబ్బిలం. అది అంతరించిందనే అనుకున్నారు, 2010లో స్టోనీ హిల్ అనే గుహలో మళ్ళీ కనబడింది. రెండోది సెయింట్ క్లెయిర్ అనే ఒకే ఒక్క గుహలో ఉంటుంది. ఒక జాతి మొత్తానికి ఒక్క గుహే అడ్రస్! ఆ గుహ నోటి దగ్గర, ఇళ్ళు వదిలి అడవిపాలైన పిల్లులు కాపు కాసి, బయటికొచ్చే గబ్బిలాల్ని పట్టి తింటున్నాయి.

మానటీ అనే సముద్రపు ఆవు: మొత్తం జాతికి వల్నరబుల్, కరీబియన్‌లో ఉండే ఉపజాతికి ఎండేంజర్డ్. కరీబియన్ మాంక్ సీల్: అంతరించింది. నూనె కోసం వేటాడి వేటాడి, 1952లో జమైకాకి నికరాగ్వాకి మధ్య చివరిసారి చూశారు.

ఇక మన ముంగిస గ్రేడ్ ఏంటో తెలుసా? లీస్ట్ కన్సర్న్. అంటే ఏ బాధా లేదు, హాయిగా ఉంది. నన్ను బాగా కుదిపింది ఇదే. రెడ్ లిస్ట్ తప్పని కాదు, అది చెప్పేది ఒక జాతి బతుకుతుందా లేదా అన్నదే. కానీ మనం ప్రాజెక్టుల్ని కూడా అలాగే కొలుస్తున్నాం. మనం వదిలింది బతికిందా, పెరిగిందా, టార్గెట్ నంబర్ తగ్గిందా? అయితే సక్సెస్. పక్కన ఎవరు పోయారో ఆ గ్రాఫ్‌లో కనబడదు. 1882లో ఎస్ప్యూట్ రాసిందీ అలాంటి గ్రాఫే, నేను ఫెస్ట్‌లో చూపించిందీ అలాంటి గ్రాఫే.

మీలో కొందరు అడుగుతారని తెలుసు: "దోమలు కుట్టి జనం చస్తుంటే చేపల గురించి ఏడుస్తావేంట్రా?" న్యాయమైన ప్రశ్నే. డెంగీ వచ్చిన ముగ్గురిలో ఒకడు నా రూమ్మేట్. వాడి ప్లేట్‌లెట్లు పడిపోతుంటే రాత్రంతా హాస్పిటల్లో కూర్చున్నది నేనే. ఏమీ చేయకుండా ఊరుకోమని నేను అనట్లేదు. కానీ హడావిడిలో నేను అసలు విషయమే చూడలేదు. డెంగీ మోసే ఏడిస్ దోమ కుంటలో గుడ్లు పెట్టదు. కూలర్లో, పాత టైర్లలో, మూత లేని డ్రమ్ముల్లో, పూలకుండీ కింద పళ్ళెంలో పెడుతుంది. నా చేపలు కుంటలో ఈదుతుంటే, డెంగీ దోమ మా కారిడార్ కూలర్లో పుడుతుంది. పగటి ముంగిసని రాత్రి ఎలుక మీదికి పంపినట్టే. కుంటలో ఇప్పటికే ఉన్న పరిగెలు, కప్ప పిల్లలు, తూనీగ పిల్లలు మాత్రం గంబూసియా నోట్లో పడతాయి. తూనీగ పిల్లలు కూడా దోమ లార్వాల్ని తింటాయని ఎన్నో తరగతిలోనో చదివాను, పరీక్ష రాశాను, మర్చిపోయాను.

వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో జమైకాలోనే చూడొచ్చు. హెల్‌షైర్ హిల్స్ అనే పొడి అడవిలో, ఎప్పుడో అంతరించిందనుకున్న జమైకా ఇగ్వానా 1990లో మళ్ళీ దొరికింది. దాన్ని కాపాడటానికి పిల్లల్ని కింగ్‌స్టన్‌లోని హోప్ జూలో పెద్దవయ్యేదాకా పెంచి అడవిలో వదులుతున్నారు. గూళ్ళు పెట్టే చోటు చుట్టూ బోన్లు పెట్టి ముంగిసల్ని పడుతున్నారు. 1990లలో మొదలైన పని ఇది. ఆ కొండల్లో ఉండే కోనీలకి కూడా దీనివల్ల కాస్త ఊపిరి ఆడుతుంది. ఓడలో వచ్చినవి తొమ్మిది. నూట పాతికేళ్ళ తర్వాత కూడా బోన్లతో పట్టడం తప్పలేదు. అదీ ద్వీపం మొత్తం మీద కాదు, ఒక మూలలో.

అందుకే మన క్లబ్ తరఫున ఒక మాట అడుగుతున్నాను. ఇకనుంచి ఫెస్ట్‌లో ప్రాణమున్న దేన్నైనా ఎక్కడైనా వదిలే ప్రాజెక్టు వస్తే, మార్కులు వేసే ముందు మూడు ప్రశ్నలు అడగాలి. మనం అనుకున్నది కాక ఇంకేం తింటుంది? తేడా వస్తే ఎలా ఆపుతాం? అప్పుడు నష్టపోయేదెవరు, వాళ్ళు ఈ హాల్లో ఉన్నారా? కోడ్ రాసేటప్పుడు రోల్‌బ్యాక్ ప్లాన్ లేకుండా సర్వర్‌లో పెడితే మన సీనియర్లే తిడతారు. చెరువుకి, కుంటకి ఆ మాత్రం మర్యాద ఇవ్వలేమా?

చేపల సంచులు వచ్చే సోమవారం రావాల్సి ఉంది. నిన్న వార్డెన్ గారి దగ్గరికి వెళ్ళి వద్దని చెప్పాను. "ప్రైజ్ వచ్చిన ప్రాజెక్టు కదయ్యా, ఇప్పుడు వద్దంటావేంటి?" అన్నారు. ఏడిస్ సంగతి చెప్తే కాసేపు ఆలోచించి, కూలర్ల లిస్టు రాసి తెమ్మన్నారు. నలభై రెండు కూలర్లు ఉన్నాయి. ఆదివారం పొద్దున్న వాటన్నిటి నీళ్ళు పారబోసి కడగాలి. దీనికి యాప్ లేదు, ప్రైజ్ రాదు, బకెట్ ఉన్నవాళ్ళు రండి.

ఆ ఫస్టియర్ తమ్ముడి పేరు నాకు ఇప్పటికీ తెలీదు. ఇది చదువుతుంటే, నీ ప్రశ్నకి ఇదే నా సమాధానం తమ్ముడూ. వెనక్కి తీసుకోలేం. ఆ రోజు నవ్వినందుకు సారీ.