నేను చేయలేదు, నా మెదడు చేసింది!

మెదడు పాఠం పూర్తయ్యాక ఎవరో ఒకరు చిలిపిగా ఈ మాట అనకుండా ఉండరు. హోంవర్కు ఎగ్గొట్టింది నేను కాదు సార్, నా మెదడు అని. క్లాసంతా నవ్వుతుంది. కానీ పిల్లలూ, ఇది నవ్వి వదిలేసే మాట కాదు. తత్త్వవేత్తలూ శాస్త్రవేత్తలూ దీనిమీద ఇంకా తగువులాడుకుంటున్నారు.

1983లో అమెరికాలో బెంజమిన్ లిబెట్, ఆయన సహచరులు ఒక ప్రయోగం వివరాలు ప్రచురించారు. కుర్చీలో కూర్చున్న మనిషి తనకు తోచినప్పుడు మణికట్టు కదపాలి. ఎదురుగా తెరమీద ఒక వెలుగుచుక్క 2.56 సెకన్లకు ఒక చుట్టు చొప్పున గడియారం ముల్లులా తిరుగుతుంటుంది. కదపాలని అనిపించిన క్షణంలో చుక్క ఎక్కడుందో గుర్తుపెట్టుకుని చెప్పాలి. తలకు అంటించిన తీగలు మెదడులోని విద్యుత్ మార్పులను నమోదు చేస్తుంటాయి. తేలిందేమిటంటే, కదపాలని అనిపించింది కదలికకు దాదాపు 0.2 సెకను ముందు. మెదడులో సన్నాహం మాత్రం సుమారు 0.55 సెకను ముందే మొదలైంది!

ఇంకేం, మనిషికి స్వేచ్ఛ లేదని చాలామంది తేల్చేశారు. లిబెట్ మాత్రం అంత దూరం పోలేదు. చివరి క్షణంలో వద్దనుకుని ఆపుకునే వీలు మనకుందని ఆయన వాదన. 2012లో ఆరన్ షుర్గర్, మరో ఇద్దరు ఆ సన్నాహానికి వేరే అర్థం చెప్పారు. అది నిర్ణయం కాకపోవచ్చునట. మెదడులో ఎప్పుడూ ఉండే హెచ్చుతగ్గులు ఒక హద్దు దాటినప్పుడు చెయ్యి కదులుతుందని వారి వివరణ.

అదెలా తేలినా నా అభ్యంతరం ఒకటుంది. మణికట్టును ఇప్పుడు కదిపినా కాసేపాగి కదిపినా ఎవరికీ పోయేదేమీ లేదు. పరీక్షలో కాపీ కొట్టేవాడి సంగతి అలా కాదే! రాత్రి కూర్చుని చీటీ రాయాలి, జేబులో దాచాలి, ఇన్విజిలేటరు అటు తిరిగేదాకా కాచుకోవాలి. దారి పొడుగునా మానుకోవడానికి వ్యవధి ఉంది. పైగా 'నా మెదడు చేసింది' అనేవాడు, మెదడు పక్కన తాను వేరే మనిషిగా కూర్చున్నట్టు మాట్లాడుతున్నాడు. ఆ వేరే మనిషి ఎక్కడుంటాడు? ఆలోచించేదీ, సిగ్గుపడేదీ, ఇకమీదట చేయకూడదనుకునేదీ ఆ మెదడుతోనే కదా!

మూర్ఛ వచ్చిన పిల్లవాడి చెయ్యి తగిలి బీకరు పగిలిందనుకోండి. అదీ మెదడు పనే. కానీ వాడిని తప్పుపట్టకూడదు. ఎంత నచ్చజెప్పినా ఆ కుదుపు ఆగదు, దానికి వైద్యం కావాలి. చీటీల కుర్రవాడు చెబితే మారగలడు. మంచిమాట చేరి పనిచేయగల మెదడుకే బాధ్యత ఉంటుందని నా అభిప్రాయం. అలాంటివాడిని బెత్తంతో కొట్టడం మాత్రం నాకు నచ్చదు. ఈసారి దొరక్కుండా ఎలా రాయాలో నేర్చుకుంటాడంతే.

మన చట్టానిదీ ఇంచుమించు ఇదే కొలత. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత ప్రకారం ఏడేళ్లలోపు పిల్లలు ఏం చేసినా నేరం కాదు. ఏడు దాటి పన్నెండు నిండనివారికి, చేసిన పని ఎలాంటిదో, దాని ఫలితమేమిటో గ్రహించే పరిపక్వత ఉందా అని చూస్తారు. 1860 నాటి శిక్షాస్మృతి చెప్పిందీ ఇదే.

అన్నీ ఇంత తేలిగ్గా తేలవు. స్నేహితుడు ఇచ్చిన మొదటి బీడీని వద్దనడం సులువే. నూరో బీడీ నాటికి నికోటిన్ మరిగిన మెదడు అదే పనిగా అడుగుతుంది. అప్పుడు వద్దనడం అసాధ్యం కాదు గాని చాలా కష్టం. మొదటిదానికీ నూరోదానికీ బాధ్యత సమానమంటే నేను ఒప్పుకోను. మరి, బడికి 100 గజాల లోపల పొగాకు అమ్మరాదని 2003 నాటి చట్టం చెబుతున్నా, గేటు ఎదుటే పిల్లలకు బీడీలు అమ్మే దుకాణదారు మాటేమిటి? అతని చేతిని ఏ నికోటినూ లాగడం లేదు. అది నిదానంగా చిల్లర లెక్కపెట్టి ఇస్తోంది.