ముళ్ల పొదను బతకనివ్వండి

ఊరి బయట తుమ్మ చెట్టు కింద వేప మొక్క మొలవడం మనలో చాలామంది చూసే ఉంటాం. వేపపండు తిన్న కాకో పికిలిపిట్టో తుమ్మ కొమ్మ మీద వాలి రెట్ట వేస్తుంది, గింజ అక్కడే పడుతుంది. ముళ్లకు జడిసి మేక అంత తేలిగ్గా మూతి పెట్టదు. రోహిణి కార్తె ఎండను తుమ్మ నీడ కొంత ఆపుతుంది. తుమ్మ వేళ్ల బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి నేలకు ఇస్తాయి. కొన్నేళ్లకు వేప తుమ్మను మించి ఎదుగుతుంది. తుమ్మకు నీడ పడదు. ఆకు పలచబడుతుంది, కొమ్మలు ఎండుతాయి, ఒక గాలివానకు పడిపోతుంది. మొదట ఒకటి మరోదానికి ఆసరాగా ఉన్న ఆ రెండు చెట్లే తర్వాత వెలుతురు కోసం, నీటి కోసం పోటీపడ్డాయి.

శ్రీగంధం వేసే రైతులకు ఇది మరీ బాగా తెలుసు. గంధం వేళ్లు పక్క మొక్క వేళ్లకు అతుక్కుని నీరూ పోషకాలూ పీల్చుకుంటాయి. నర్సరీ సంచిలో తోడుగా పొన్నగంటి పెడతారు. పొలంలో నాటేటప్పుడు పక్కన కంది వేస్తారు. కంది ఎక్కువ కాలం ఉండదు కాబట్టి సరుగుడు లాంటి చెట్టును దగ్గర్లో పెంచుతారు. వయసును బట్టి తోడు మారకపోతే గంధం సరిగా ఎదగదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లోని కేబీఆర్ జాతీయ ఉద్యానవనం కోసమే. 1998లో జాతీయ పార్కుగా ప్రకటించిన ఈ చోటు విస్తీర్ణం సుమారు 390 ఎకరాలు. 1960ల్లో జూబ్లీహిల్స్ ఇళ్ల సొసైటీ ఏర్పడినప్పుడు, 1976లో నటుడు అక్కినేని అన్నపూర్ణ స్టూడియో తెరిచినప్పుడు ఈ చుట్టుపక్కల ఏముండేదని అడిగితే, ‘బండలూ పొదలూ తప్ప ఏమీ లేదు’ అంటారు. నాకు ఆ మాట మింగుడుపడదు. రేగు, సీతాఫలం, తుమ్మ అల్లుకున్న నేల రాబోయే చెట్లకు పురిటిల్లు. ఫిల్మ్‌నగర్ గుట్టల మీద ఆ నేల దాదాపుగా ఇళ్ల కిందికి పోయింది. పార్కులో మిగిలింది.

అడవిలో చెట్ల ఇరుగుపొరుగును ఏళ్ల తరబడి గమనిస్తున్నవారూ ఉన్నారు. పనామాలోని బారో కొలరాడో దీవిలో 1980ల తొలినాళ్ల నుంచి 50 హెక్టార్ల అడవిలో సెంటీమీటరు మందం దాటిన ప్రతి చెట్టునూ గుర్తుపెట్టి, ఐదేళ్లకోసారి కొలుస్తున్నారు. మన ముదుమలైలో బెంగళూరు ఐఐఎస్సీ శాస్త్రవేత్త రామన్ సుకుమార్ బృందం 1988లో అలాంటి క్షేత్రమే మొదలుపెట్టింది. అంతకుముందే జాన్‌జెన్ 1970లో, కానెల్ 1971లో అనే శాస్త్రవేత్తలు విడివిడిగా ఒక సంగతి ప్రతిపాదించారు: తల్లి చెట్టు పక్కనే మొలిచిన పిల్లకు చావు ఎక్కువ, తల్లిని పట్టిన పురుగూ బూజూ దానికీ అంటుతాయి కాబట్టి. వేరే జాతి చెట్టు కింద పడిన గింజకు ఆ బెడద తక్కువ. అందుకే అడవిలో ఎవరి పక్కన ఎవరున్నారన్నది ముఖ్యం. ఏ వయసులో ఉన్నారన్నదీ అంతే ముఖ్యం.

మన లెక్కలకు ఇవేవీ అందవు. 2016లో పార్కు చుట్టూ ఫ్లైఓవర్లు కడతామన్నప్పుడు జనం చెట్ల కోసం రోడ్డెక్కారు. 2024లో పార్కు చుట్టూ ఆరు కూడళ్లలో ఫ్లైఓవర్లు కట్టే పథకం మళ్లీ ముందుకొచ్చింది. ప్రతిసారీ చర్చ ఎన్ని చెట్లు పోతాయి, ఎన్ని మొక్కలు నాటుతారు అన్నదాని దగ్గరే ఆగుతుంది. చెట్టును వేళ్లతో పెకలించి మరోచోట నాటొచ్చు, బతికితే సంతోషమే. దాని కింద మొలుస్తున్న చిన్నవాటిని ఎవరూ లారీ ఎక్కించరు. పదేళ్లుగా ఆ నీడలో ఎదుగుతున్న మొక్కకు బదులుగా ఎండలో వరసగా పాతిన పది మొక్కలు సరిపోవు.

రోడ్డు కంటే నెమ్మదిగా, చప్పుడు లేకుండా జరిగే నష్టం ఇంకొకటి ఉంది, అదే శుభ్రం చేయడం. కాలనీ పార్కుల్లో, గుట్టల మీద పొదలన్నీ నరికి, నేల ఊడ్చి, గడ్డి పరిచి అందంగా ఉందంటున్నాం. పాముల భయం నిజమే, నడకదారి పక్కన కొన్ని అడుగుల మేర తీసేయడం సబబే. లాంటానానూ సర్కారు తుమ్మనూ తగ్గించాల్సిందే, అవి గుబురుగా కమ్మేస్తే కింద వేరేది లేవదు. అయినా ఒక్కరోజులో యంత్రంతో గుండు కొట్టించే పని కాదది. కింద ఏ మొక్క మొలిచిందో చూసి, దాన్ని వదిలి, చుట్టూ విడతలుగా తీయాలి.

అటవీశాఖనూ జీహెచ్‌ఎంసీనీ నేను అడిగేది ఒక్కటే. పార్కు అంచున ఏ పని మొదలుపెట్టినా, పెద్ద చెట్లతోపాటు పొదల కింది మొలకలను కూడా జాతులవారీగా నమోదు చేసి, ఆ జాబితాను జనం ముందు పెట్టండి. పొద్దున్నే అక్కడ నడిచే మిత్రులకూ ఒక మాట. పొదలు పెరిగాయి, కొట్టించండి అని ఫిర్యాదు రాసే ముందు దయచేసి ఒకసారి వంగి వాటి కింద చూడండి.