ఆసక్తికి కొలమానమేది?

తెలుగులో ఆసక్తి అన్నా, ఉర్దూలో షౌక్ అన్నా అది మనిషి లోపల ఉండే వస్తువు. లోపలి వస్తువును బయటి గుర్తులతో కొలవబూనినప్పుడు కొలిచేవారు ఎంతో జాగరూకులై ఉండవలెను. ఈ మాట విద్యార్థులకు, కళాశాల కమిటీ పెద్దలకు కూడ మనవి చేయదలచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ఇటీవల మన విద్యార్థి ఒకడు సందేహంతో నా వద్దకు వచ్చాడు. వాని మేనమామ కుమారుడు ఇంటర్మీడియేట్ ముగించి అమెరికాలో డిగ్రీ చదువదలచాడట. "మనం ముందుగానే ఆ కళాశాలకు ఉత్తరాలు వ్రాసి, వెళ్లి చూచి, ఆసక్తి కనబరిస్తే సీటు సులభంగా దొరుకుతుందట, నిజమేనా సార్?" అని అడిగాడు.

కొంతవరకు నిజమే. అక్కడ ఒక విద్యార్థి పది పదిహేను కళాశాలలకు దరఖాస్తు చేయడం సామాన్యమైపోయినది. సీటు ఇచ్చిన వారిలో ఎందరు వచ్చి చేరుతారో కళాశాలకు తెలియదు. తక్కువమంది చేరితే తరగతులు ఖాళీ, ఎక్కువమంది చేరితే వసతి కరవు. కావున వచ్చి చేరేవాడెవడో ముందుగా పసిగట్టడానికి కొన్ని కళాశాలలు దరఖాస్తుదారు ఆసక్తిని లెక్కలోనికి తీసుకుంటున్నవి. కళాశాలను సందర్శించాడా, ఇంటర్వ్యూకు వచ్చాడా, ఈ కళాశాలనే ఎందుకు కోరుతున్నాడో శ్రద్ధగా వ్రాశాడా అని చూస్తారు. స్వయంగా వచ్చి చూచిన వారికి అవకాశం పెరుగుతున్నదని 2017లో వెలువడిన ఒక అధ్యయనం కూడ తేల్చినది. అయితే హార్వర్డ్, ఎం.ఐ.టి., కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వంటివి ఈ ఆసక్తిని లెక్కింపమని స్పష్టంగా ప్రకటించినవి. ఏ కళాశాల దేనికెంత విలువ ఇస్తుందో "కామన్ డేటా సెట్" అనే పత్రంలో చాలా కళాశాలలు ప్రకటిస్తవి. దానిని చూచుకొని శ్రమపడుమని ఆ పిల్లవానికి చెప్పి పంపాను.

కాని ఆ పద్ధతిలోని లోపమును కూడ గమనింపవలెను. సందర్శనకు విమాన ఖర్చు కావలెను. సీటు ఇస్తే తప్పక చేరుతానని ముందే మాట ఇచ్చి నవంబరులోనే దరఖాస్తు చేసే పద్ధతి ఒకటి ఉన్నది. ఏ కళాశాల ఎంత ఉపకారవేతనం ఇస్తుందో పోల్చిచూడక అట్లు మాట ఇవ్వగలవాడు ధనవంతుడే. పేరు ఆసక్తి, తూచేది మాత్రం తండ్రి సంపాదన!

మన దేశానికి వద్దాము. ఈఏపీసెట్ (పూర్వపు ఎంసెట్) ర్యాంకుకు ఆసక్తితో పని లేదు. తెలంగాణలో 2016లో వచ్చిన దోస్త్ విధానంలో విద్యార్థి తన ఆసక్తిని కళాశాలల వరుసక్రమంగా వ్రాసుకోవచ్చును. ఆ పైన నిర్ణయించేవి మార్కులు, రిజర్వేషన్లు. ఇందులో ఆత్మ లేదని నిందించేవారున్నారు. కాని యంత్రానికి సిఫారసు ఉత్తరం చదవడం రాదు. అది దాని గొప్ప సుగుణం.

యాజమాన్యం చేతిలో ఉన్న సీట్ల సంగతి వేరు. నా అనుభవం ఒకటి చెప్పుతాను. ఇంటర్మీడియేట్ తరువాత నేను ఒక కళాశాలలో దరఖాస్తు పెట్టాను. మార్కులు చాలినన్ని ఉన్నవి. జాబితాలో పేరు లేదు. వెళ్లి అడిగితే, "మీ నాయన ఒక్కసారైనా వచ్చి మమ్మల్ని కలిశాడా? మీకు ఆసక్తి ఉన్నట్లు మాకెట్లా తెలుస్తుంది?" అన్నారు. మా అబ్బాజాన్ దర్జీ. అది రంజాన్‌కు ముందు రోజుల కాలం. ఒక పూట మిషను ఆపితే ఆ పూట కూలి పోవడమే గాక పండుగ బట్టల గడువు తప్పుతుంది. ఆ రాత్రి ఆయన నా ముఖం చూడలేక మిషను ముందే కూర్చున్నారు. ఆయన రాకపోవడం అనాసక్తి కాదు. నా చదువు ఖర్చు కోసమే ఆయన రాలేదు. ఆ సంవత్సరం నేను వేరొక ఊరిలో చేరి, రోజూ బస్సులో తిరిగి చదివాను.

రాజ్యాంగం 30వ అధికరణం మైనారిటీలకు విద్యాసంస్థలు స్థాపించి నిర్వహించుకొనే హక్కు ఇచ్చినది. నిర్వహణ హక్కులో దుర్నిర్వహణ హక్కు ఇమిడిలేదని సర్వోన్నత న్యాయస్థానం 1958లోనే చెప్పినది. ప్రవేశాలు న్యాయంగా, పారదర్శకంగా ఉండవలెనని 2005లో ఇనాందార్ కేసులో మరల స్పష్టపరచినది. మన హక్కు మన పేదవాని కోసం లభించినదే గాని, మన పరిచయస్థుల కోసం కాదు.

ఆసక్తిని అసలే అడుగవద్దని నేను అనను. బి.ఏ.లో తెలుగును గాని ఉర్దూను గాని ప్రేమతో కోరుకొనే విద్యార్థి తరగతికే వెలుగు. కావున అడుగుదాము, కాని అందరిని ఒకే రీతిగా అడుగుదాము. దరఖాస్తుతోపాటు ప్రతివారిచేత తాము ఎరిగిన భాషలో అరపేజీ వ్రాయిద్దాము. మార్కులు సమానమైనచోట మాత్రమే దానిని చూద్దాము. ఎవరెన్నిసార్లు కార్యాలయానికి వచ్చారో, ఎవరిచేత చెప్పించారో లెక్కింపకుందాము. జాబితాను మార్కులతో సహా నోటీసు బోర్డుపై అంటిద్దాము. కమిటీ పెద్దలు వచ్చే ప్రవేశాల నాటికే దీనిని ఆలోచింపవలెనని నా ప్రార్థన.

విద్యార్థులారా! మీకు ఒక మాట. సీటు కోసం చూపే ఆసక్తి జూన్ మాసంతో తీరిపోతుంది. ఆగస్టులో మన గ్రంథాలయపు బల్లలు ఖాళీగా ఉండడం నేను ఏటేటా చూస్తున్నాను. నిజమైన షౌక్‌కు పరీక్ష అక్కడనే. ఈ కళాశాలలో చోటు దొరకక వెళ్లిపోయిన వాడొకడు ఏదో బస్సులో నిలబడి చదువుకుంటూ ఉంటాడని తలచుకొని, మీకు దొరికిన చోటుకు న్యాయం చేయండి.