వేగమునకు వెల

కంప్యూటరుపై ఆటలాడు యువజనులలో ఒక విశ్వాసము బలముగా వేరూనియున్నది. ప్రాసెసరును గ్రాఫిక్సు కార్డును మోయు మదర్‌బోర్డు ఎంత ఖరీదైనదైన ఆట అంత వేగముగా సాగునని వారి నమ్మిక; ఆ నమ్మికను పోషించుటకై తయారీదారులు పెట్టెలపై డ్రాగను తలలను, డేగ కన్నులను చిత్రించి, బోర్డుల అంచులకు రంగురంగుల దీపములను తగిలించుచున్నారు. కాని ఒకే ప్రాసెసరును, ఒకే గ్రాఫిక్సు కార్డును 15 వేల రూపాయల బోర్డుమీద ఒకమారును, అరలక్ష దాటిన బోర్డుమీద ఒకమారును నిలిపి అదే ఆటను నడిపి చూచినచో, సెకనుకు లభించు ఫ్రేముల సంఖ్యలో తేడా సాధారణముగా కంటికి ఆననంత స్వల్పము. మదర్‌బోర్డు వేగమును సృజింపదు. ప్రాసెసరు కోరిన విద్యుత్తును కోరిన క్షణమున అందించుటయు, తగిన మేరను మించి అందింపకుండుటయు దాని ధర్మము. ఈ రెండవ ధర్మమును మన మార్కెట్టు మరచినది. బోర్డును ఎన్నుకొనువారు అది చూపు దూకుడుకంటె అది పాటించు నిగ్రహమునకే ఎక్కువ విలువ నీయవలెనని నా అభిప్రాయము.

ప్రాసెసరును దాని నిర్ణీత వేగమునకు మించి పరుగెత్తించు ఓవర్‌క్లాకింగు ఒకప్పుడు నిజముగా పేదవాని విద్యయే. 1998లో ఇంటెల్ సంస్థ విడుదల చేసిన సెలెరాన్ 300ఎ అను చౌక ప్రాసెసరునకు గుణకము నాలుగున్నర వద్ద బిగింపబడియుండగా, 66 మెగాహెర్ట్‌జుల బస్సు వేగముతో అది 300 మెగాహెర్ట్‌జుల వద్ద పనిచేయుచుండెను. ఆ బస్సు వేగమును 100కు పెంచినంతనే అదే చిప్పు 450 మెగాహెర్ట్‌జులను అందుకొని, ధరలో తనకు కొన్ని రెట్లు మించిన పెంటియం 2తో ఆటలలో దీటుగా నిలిచెను. అబిట్ సంస్థవారి బిహెచ్6 వంటి బోర్డులు, జంపర్లను పెరికి మార్చు శ్రమ లేకుండ, బయాసు తెరమీదనే బస్సు వేగమును వోల్టేజిని మార్చుకొను వీలు కల్పించినవి. ఆనాడు బోర్డును బట్టియే వేగము లభించెను. నేటి నమ్మికకు మూలము ఆ కాలముననే యున్నది.

కాలము మాత్రము అక్కడ నిలువలేదు. 2011లో వచ్చిన శాండీ బ్రిడ్జి తరముతో ఇంటెల్ బస్సు వేగమును తక్కిన భాగములతో ముడివేసి దాదాపు కదలకుండ చేసి, గుణకమును పెంచు స్వేచ్ఛను 'కె' అక్షరము గల ప్రాసెసర్లకును, పి67 వంటి పైతరగతి చిప్‌సెట్లకును పరిమితము చేసెను. నేటికిని ఆ పక్షమున 'జెడ్' చిప్‌సెట్టు గల బోర్డుమీదనే ప్రాసెసరును ఓవర్‌క్లాకు చేయనగును. బి760 బోర్డు ర్యాము వేగమును పెంచనిచ్చును గాని ప్రాసెసరు గుణకమును ముట్టనీయదు. ఎఎమ్‌డి పక్షము కొంత ఉదారము: బి650 వంటి చిప్‌సెట్లును అనుమతించును, ఎ620 నిరాకరించును. అయినను ఆటలకు ప్రశస్తి గాంచిన 7800ఎక్స్3డి ప్రాసెసరునకు ఎఎమ్‌డియే గుణకమును బిగించి పంపినది. ఈ భేదములు తెలియక 'కె' లేని ప్రాసెసరునకు జెడ్ బోర్డును, జెడ్ లేని బోర్డునకు 'కె' ప్రాసెసరును జతచేసి, వాడుకొనలేని హక్కునకు అదనపు మూల్యము చెల్లించువారు ఎందరో కలరు.

అంతకంటె ముఖ్యమైన మార్పు మరియొకటి కలదు. చల్లదనము, విద్యుత్తు అనుకూలించినంతవరకు తానే వేగము పెంచుకొను టర్బో విద్యను ప్రాసెసరు కర్మాగారముననే నేర్చుకొని వచ్చుచున్నది. సెలెరాన్ కాలమున కొనుగోలుదారునకు మిగిలిన సగము వేగమును నేటి తయారీదారు ముందే పిండుకొని, దానిని కలిపియే ధర కట్టుచున్నాడు. మిగిలిన కొద్దిపాటి కొరకు చెల్లింపవలసిన వెల యెంతో లెక్కవేసి చూడుడు. చిప్పు వినియోగించు విద్యుత్తు వేగముతో సమానముగను, వోల్టేజి వర్గముతో సమానముగను పెరుగును. కనుక వేగమును 10 శాతము పెంచుటకు వోల్టేజిని కూడ 10 శాతము పెంచవలసివచ్చినచో విద్యుద్వ్యయము, దానితోడి వేడిమియు సుమారు 33 శాతము పెరుగును. తెర పెద్దదై చిత్రము స్పష్టమగుకొలది ఆట వేగమును నిర్ణయించునది గ్రాఫిక్సు కార్డే గనుక, ఆ 10 శాతములో ఆటగానికి దక్కునది మరియు కొంచెమే.

ఇక బోర్డులో నిజముగా పరికింపదగిన భాగమేది? ప్రాసెసరు సాకెట్టునకు ఎడమవైపున, పైవైపున లోహపు హీట్‌సింకుల క్రింద వరుసగా అమరియున్న చిన్న నల్లని మాస్‌ఫెట్లు, వాని ప్రక్కన బూడిదరంగు చదరములైన చోకులు, ఆ వెనుక గుండ్రని కెపాసిటర్లు. ఈ సముదాయమునే వి.ఆర్.ఎమ్. అందురు. పవర్ సప్లయి నుండి వచ్చు 12 వోల్టులను ఇది సుమారు ఒకటింబావు వోల్టునకు దించి ప్రాసెసరునకు అందించును. ప్రాసెసరు 250 వాట్లు కోరినపుడు ఆ స్వల్ప వోల్టేజివద్ద ప్రవహింపవలసిన విద్యుత్తు 200 ఆంపియర్లు. మన యిండ్లలోని ఒకటిన్నర టన్నుల ఏ.సి. సాధారణముగా 10 ఆంపియర్లైనను తీసికొనదన్నచో, అరచేతి వెడల్పు చోట జరుగుచున్న ఈ పనియొక్క తీవ్రత బోధపడును. ఈ భారమును పంచుకొను విభాగములను ఫేజులందురు; పెట్టెమీద '16 ఫేజులు' అని అచ్చువేసినంత మాత్రమున సరిపోదు. ఒక్కొక్క ఫేజు ఎన్ని ఆంపియర్లను మోయగలదో తెలిసిననే ఆ సంఖ్యకు అర్థము. 90 ఆంపియర్ల ఫేజులు 8 గల బోర్డు, 40 ఆంపియర్ల ఫేజులు 16 గల బోర్డునకు మించియే నిలువగలదు.

నిగ్రహము లోపించిన యెడల ఏమగునో రెండు ఉదాహరణములు చాలును. 2023లో రైజెన్ 7000 శ్రేణి ప్రాసెసర్లు కొన్ని సాకెట్టులోనే మాడిపోయినవి; ర్యాము వేగమును పెంచు ఎక్స్‌పో అమరికను ఎన్నుకొనినంతనే కొన్ని బోర్డులు, ప్రాసెసరులోని మెమరీ నియంత్రకము వంటి భాగములకు అందు ఎస్‌ఒసి వోల్టేజిని హద్దుమీరి పెంచుటయే ప్రధాన కారణము కాగా, దానిని 1.3 వోల్టులకు మించనీయకుండ ఎఎమ్‌డి కట్టడి చేయవలసివచ్చెను. మరుసటి యేట ఇంటెల్ 13, 14 తరముల డెస్కుటాపు ప్రాసెసర్లు ఆట నడుమ కూలిపోవుచుండగా, ప్రాసెసరు తన మైక్రోకోడు వలన అధిక వోల్టేజిని కోరుచుండుట ప్రధాన హేతువుగాను, బోర్డుల విద్యుత్ అమరికలు నిర్దేశించిన హద్దులను దాటుట హేతువులలో నొకటిగాను తేలినది. ఆ సంస్థ 2024 ఆగస్టులో క్రొత్త మైక్రోకోడును విడుదల చేసి, ఆ ప్రాసెసర్ల వారంటీని రెండేండ్లు పొడిగించెను. కోర్ ఐ9-14900కె ప్రాసెసరునకు ఇంటెల్ విధించిన టర్బో పరిమితి 253 వాట్లు. కొన్ని బోర్డుల బయాసు తెరను తెరచి చూచినవారికి ఆ గడిలో కనబడిన సంఖ్య 4096! పెట్టెలోని పవర్ సప్లయియే 850 వాట్లది కాగా 4096 వాట్ల అనుమతికి అర్థమేమి? హద్దు లేదని చెప్పుటకు అదియొక మర్యాదగల విధానము. సమీక్షలలోని పట్టికలయందు ప్రక్క సంస్థ బోర్డుకంటె ఒకటి రెండు శాతములు పైన నిలువవలెనను పోటీ, కొనుగోలుదారు అడుగకుండనే అతని ప్రాసెసరును ఓవర్‌క్లాకు చేసి యిచ్చినది.

మన ప్రాంతమువారు ఈ విషయమున మరింత మెలకువగా నుండవలెను. విదేశీ సమీక్షకులు బోర్డులను పరీక్షించునది తరచుగా 21, 22 డిగ్రీల గదులలో. అక్కడ 80 డిగ్రీలు చూపిన వి.ఆర్.ఎమ్., వైశాఖమాసమున విజయవాడలోనో రామగుండములోనో ఏ.సి. లేని 40 డిగ్రీల గదిలో 98కి చేరునని వేరుగా చెప్పనక్కరలేదు. ఎలక్ట్రొలిటిక్ కెపాసిటర్ల ఆయుర్దాయము ప్రతి 10 డిగ్రీల వేడిమికి సుమారు సగమగునన్నది ఇంజనీర్లు ఎరిగిన సూత్రము. ప్రాసెసరుమీద నీటి కూలరును బిగించువారు మరియొక సంగతి గమనింపవలెను: నిలువెత్తు గాలి కూలరు తన చుట్టునున్న మాస్‌ఫెట్లపైకి కూడ కొంత గాలిని త్రోయుచుండగా, నీటి కూలరు ఆ ఉపకారము చేయదు. కనుక మన గదులకు కావలసినది నిండు బరువుగల హీట్‌సింకు; దీపములు పొదిగిన ప్లాస్టిక్కు తొడుగు వేడిమిని దాచునే గాని తీయదు.

ధర పెట్టదగిన గుణములు బోర్డులో లేకపోలేదు. ర్యాము విషయమే చూడుడు: 6000 వేగముగల డిడిఆర్5 ర్యామును కొనితెచ్చి, బయాసులో ఎక్స్‌ఎమ్‌పి లేక ఎక్స్‌పో అమరికను ఎన్నుకొననివారికి అది 4800 వంటి తక్కువ వేగముననే నడచును; ఖర్చులేని ఈ ఒక్క మార్పు ప్రాసెసరు గుణకముతో చేయు కుస్తీకంటె ఆటలకు మేలు చేయుట కలదు. నాలుగు స్లాట్లను నింపుటకంటె రెండు ర్యాములను ప్రాసెసరునుండి రెండవ, నాలుగవ స్లాట్లలో అమర్చుట మంచిది. రైజెన్ 7000 ప్రాసెసర్లకు రెండు ర్యాములతో 5200 వేగమును ఎఎమ్‌డి పేర్కొనగా, నాలుగింటితో అది 3600కు దిగినది. ప్రాసెసరు లేకున్నను పెన్‌డ్రైవుతో బయాసును మార్చుకొను ఫ్లాష్‌బ్యాక్ బొత్తాము, చిక్కెక్కడనో చెప్పు సూచిక, ఏండ్లతరబడి బయాసు నవీకరణలను వెలువరించు సంస్థ: ఇవి నిజమైన ఆభరణములు. 2017 నాటి బి350 బోర్డులు అనేకము, బయాసు నవీకరణల పుణ్యమున, 2022లో వచ్చిన 5800ఎక్స్3డి ప్రాసెసరును ధరింపగలిగినవి. ఐదేండ్ల పిమ్మట బోర్డు మార్చకుండ అంతటి ముందంజ వేయగలుగుటకు మించిన ఓవర్‌క్లాకింగు ఏమున్నది?

ఓవర్‌క్లాకింగును ఒక క్రీడగా అభ్యసించువారిని నేను తప్పుపట్టను. ద్రవ హీలియముతో ప్రాసెసరును గడ్డకట్టించి 9 గిగాహెర్ట్‌జులను దాటించిన నిపుణుల సాహసము మెచ్చదగినది. వారి ప్రయోగములవలన బోర్డుల నిర్మాణము మెరుగుపడిన మాటయు నిజము. కాని అది పందెపు గుఱ్ఱముల వ్యవహారము. రాత్రి భోజనానంతరము రెండు గంటలు ఆడుకొని, మరునాడు అదే యంత్రముమీద చదువో ఉద్యోగమో సాగించువానికి దానితో నిమిత్తము లేదు.

తయారీదారులను కోరదగినవి రెండే. ప్రాసెసరు సంస్థ విధించిన పరిమితులనే బోర్డు తొలి అమరికగా ఉంచి, వానిని దాటదలచినవాడు తెలిసి దాటునట్లు చేయవలెను. ఒక్కొక్క ఫేజు మోయగల ఆంపియర్లను పెట్టెమీద స్పష్టముగా అచ్చువేయవలెను. కొనువారు, కొనిపెట్టు తలిదండ్రులు చేయవలసినది ఇంకను సులభము: ప్రాసెసరునకు సరిపడు చిప్‌సెట్టు, దృఢమైన వి.ఆర్.ఎమ్., మన ఊరిలో వారంటీ నిలబెట్టుకొను సంస్థ, ఈ మూడును చూచుకొని మధ్యరకము బోర్డును కొనుడు. తీసికొనివచ్చిన దినముననే బయాసును నవీకరించి విద్యుత్ పరిమితులను సరిచూచుకొనుడు. మిగిలిన సొమ్మును గ్రాఫిక్సు కార్డునకు వెచ్చింపుడు.