తిరిగొచ్చిన సింహాసనాల పక్కన కొత్త తరం కళ

పశ్చిమ ఆఫ్రికాలోని బెనిన్ దేశంలో, కొటోను నగరంలోని అధ్యక్ష భవనంలో 2022 ఫిబ్రవరిలో ఓ కళా ప్రదర్శన మొదలైంది. ఒక భాగంలో ఫ్రాన్స్ తిరిగిచ్చిన 26 రాచ వస్తువులు పెట్టారు. మరో భాగంలో 34 మంది బెనిన్ కళాకారుల కృతులు వందకు పైగా కొలువుదీరాయి. కొన్ని నెలల్లోనే రెండు లక్షల మందికి పైగా వచ్చి చూశారు. ప్రపంచ పత్రికలు తిరిగొచ్చిన సంపద గురించే ఎక్కువగా రాశాయి. సమకాలీన ఆఫ్రికా కళ విషయానికొస్తే ఆ రెండో భాగమే కీలకం. ఆ కళను ఎవరు, ఎక్కడ, ఎవరి కోసం చూపాలన్న పాత తగవుకు అక్కడ ఒక జవాబు దొరికింది.

రాచ వస్తువుల కథ 1892 నాటిది. జనరల్ డాడ్స్ నాయకత్వంలోని ఫ్రెంచి సేన నేటి బెనిన్‌లోని దహోమే రాజ్య రాజధాని అబోమేను ఆక్రమించింది. సింహాసనాలు, చెక్కడపు తలుపులు, సగం మనిషి సగం సొరచేపగా మలిచిన రాజు బెహాంజిన్ విగ్రహం పారిస్ చేరాయి. 2016లో బెనిన్ అధికారికంగా వాటిని అడిగింది. జాతీయ సేకరణల్లోని వస్తువులను వదులుకోవడానికి తమ చట్టం ఒప్పుకోదని ఫ్రాన్స్ తోసిపుచ్చింది. 2017లో ఫ్రాన్స్ అధ్యక్షుడు మేక్రాన్ బుర్కినా ఫాసో రాజధాని ఔగడూగులో మాట్లాడుతూ ఆఫ్రికా వారసత్వ సంపదను తిరిగిచ్చేందుకు వీలు కల్పిస్తామన్నారు. సహారా దిగువ ఆఫ్రికాకు చెందిన 90 వేల వస్తువులు ఫ్రాన్స్ ప్రభుత్వ మ్యూజియాల్లో ఉన్నాయని మరుసటి ఏడాది ఫెల్విన్ సార్, బెనెడిక్ట్ సవోయ్ నివేదిక తేల్చింది. 2020 డిసెంబరులో ప్రత్యేక చట్టం వచ్చాకే 26 వస్తువులకు దారి దొరికింది. మరుసటి నవంబరులో అవి కొటోను చేరాయి.

ఆఫ్రికా కళాకారులకు గుర్తింపు కూడా ఐరోపా చేతుల మీదుగానే దక్కింది. 1989లో పారిస్‌లోని పాంపిడూ సెంటర్ నిర్వహించిన 'మాజిసియాఁ ద లా తేర్' ప్రదర్శనలో అబోమేకు చెందిన సిప్రియెన్ తొకుదాగ్బా పాల్గొన్నారు. అబోమే రాజప్రాసాదాల గోడల మీది ఉబ్బెత్తు బొమ్మలను బాగు చేసిన చేతులవి. ఆయన పేరు ప్రపంచానికి తెలిసింది మాత్రం పారిస్ ద్వారానే. కామెరూన్ మూలాలున్న సిమోన్ ఎన్‌జామి రూపొందించిన 'ఆఫ్రికా రీమిక్స్' 2004లో జర్మనీలోని డస్సెల్‌డార్ఫ్‌లో మొదలై లండన్, పారిస్, టోక్యో, స్టాక్‌హోమ్ తిరిగింది. ఆఫ్రికా నేలపై, జొహానెస్‌బర్గ్‌లో, చిట్టచివరి మజిలీగా 2007లో కనిపించింది. ఆఫ్రికాలో వేదికలు లేవని కాదు. సెనెగల్‌లోని డాకర్ ద్వైవార్షిక ప్రదర్శన 1996 నుంచీ ఆఫ్రికా సమకాలీన కళకే అంకితమైంది. అయినా ధర, పేరు నిర్ణయమయ్యేది ఐరోపాలోనే.

కొటోను ఈ వరుసను తిరగేసింది. ముందు సొంత జనానికి చూపింది. తర్వాతే సమకాలీన భాగం మొరాకోలోని రబాత్‌కు, కరీబియన్‌లోని మార్టినిక్‌కు, 2024లో పారిస్‌లోని కాన్సియర్జెరీకి వెళ్లింది.

ఈ తరం కళాకారుల పనితీరు చూస్తే పాత కొత్తల కలయిక ఎందుకు కుదిరిందో అర్థమవుతుంది. రొమువాల్డ్ హజూమే ప్లాస్టిక్ పెట్రోలు డబ్బాలతో ముసుగులు చేస్తారు. నైజీరియా నుంచి దొంగచాటుగా పెట్రోలు తెచ్చే డబ్బాలవి. అలాంటి 304 ముసుగులను బానిసల ఓడ ఆకారంలో పేర్చిన ఆయన కృతిని బ్రిటిష్ మ్యూజియం 2007లో కొనుక్కుంది. ఇషోలా అక్పో తన ఫొటోల్లో చరిత్ర పక్కన పెట్టేసిన ఆఫ్రికా రాణులను తిరిగి నిలబెడతారు. వీరి కృతులు అబోమే సింహాసనాలతో ఒకే చోట ఉన్నప్పుడు, మధ్యలో తెగిన 130 ఏళ్లను చూసేవారు తామే పూరించుకోగలరు. పరదేశంలోని గాజు పెట్టె ఆ పని చేయలేదు.

అలాగని ఇదంతా విజయగాథే అనుకోవడం పొరపాటు. పారిస్‌లోని కె బ్రాన్లీ మ్యూజియం ఒక్కదానిలోనే బెనిన్ వస్తువులు మూడు వేలకు పైగా ఉన్నాయి. వాటి ముందు 26 ఎంత? 2024లో బెర్లిన్ చలనచిత్రోత్సవంలో గోల్డెన్ బేర్ గెలుచుకున్న మాటి దియోప్ చిత్రం 'దహోమే'లో విశ్వవిద్యాలయ విద్యార్థులు వాదించుకునేది ఇదే. రెండో చిక్కు రాజకీయం. వస్తువులు దేశానికి చేరిన మరుసటి నెలలోనే ప్రతిపక్ష నాయకురాలు రెక్యా మదుగుకు ప్రత్యేక కోర్టు 20 ఏళ్ల జైలు విధించింది. అధ్యక్ష భవనంలో కళను చూపడం ప్రజలకు తలుపు తెరవడమే అయినా, పాలకుడి ప్రతిష్ఠకు మెరుగు పెట్టడం కూడా. ఈ రెండూ నిజాలే.

తెలుగువారికి ఈ చర్చ పరాయిది కాదు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన అమరావతి శిల్పాలు 1859లో లండన్ చేరాయి. నేడు బ్రిటిష్ మ్యూజియంలో వంద పైచిలుకు ఉన్నాయి. అవి యుద్ధంలో దోచినవి కావు, వలస అధికారులు తరలించినవి. కాబట్టి న్యాయ వాదన వేరుగా ఉంటుంది. కొటోను నేర్పే పాఠం మాత్రం ఒకటే. తిరిగివ్వమని అడగడం సగం పనే. వచ్చిన దాన్ని ఎక్కడ పెడతాం, ఎంతమందికి చూపిస్తాం, నేటి శిల్పులకూ చిత్రకారులకూ దాని పక్కన చోటిస్తామా అన్నది మిగతా సగం. ఆ రెండో సగానికి లండన్ అనుమతి అక్కర్లేదు. మన ప్రభుత్వాలు ఈ రోజే మొదలుపెట్టవచ్చు.