పన్నుకు పనికొచ్చిన సొమ్ము రక్షణకు పనికిరాదా?

సొమ్ము పోగొట్టుకున్నవాడు నెత్తీనోరూ బాదుకుంటుంటే, పక్కన నిలబడి ‘అంత ఆశకు పోవడం ఎందుకు?’ అని అడగడం లోకానికి బాగా అలవాటైపోయింది. క్రిప్టో ఎక్స్ఛేంజీల్లో డబ్బు పెట్టి మునిగినవాళ్ళకు మొదటినుంచీ దక్కిన ఓదార్పు ఇదొక్కటే. దొంగ ఎవరని అడగలేదు. తాళాలు ఎవరి దగ్గరున్నాయని అడగలేదు. ఏళ్ళ తరబడి దోపిడీ సాగుతుంటే అధికారంలో ఉన్నవాళ్ళు ఏం చేస్తున్నారని అసలే అడగలేదు. అత్యాశ అన్న ఒక్క మాట అనేసి, లక్షమందికి పైగా మనుషుల గోడును పక్కన పడేశారు.

కొన్న నాణెం ధర పడిపోతే అది నష్టం. ఆ నష్టం కొన్నవాడే భరించాలి, అందులో వాదన లేదు. కానీ నమ్మి దాచుకున్న నాణేన్ని వేరొకడు ఎత్తుకుపోతే అది దొంగతనం. ఊళ్ళో చిట్టీల వ్యాపారి బోర్డు తిప్పేస్తే చిట్టీ కట్టినవాడిని దోషి అంటామా? ఇంత చిన్న తేడా మంత్రులకూ, నియంత్రణ సంస్థలకూ, బ్యాంకులకూ తెలియదంటే నేను నమ్మను. తెలిసీ కళ్ళు మూసుకున్నారు. మూసుకున్నందుకు ఏ ఒక్కరూ ఈనాటికీ జవాబు చెప్పుకోలేదు.

టోక్యోలోని మౌంట్ గాక్స్ సంగతే చూడండి. 2010లో జెడ్ మెక్‌కేలబ్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ ఈ ఎక్స్ఛేంజీని మొదలుపెట్టాడు. 2011 మార్చిలో జపాన్‌లో ఉంటున్న ఫ్రెంచివాడు మార్క్ కార్పెలెస్‌కు అమ్మేశాడు. రెండేళ్ళు తిరిగేసరికి ప్రపంచంలో జరిగే బిట్‌కాయిన్ లావాదేవీల్లో దాదాపు 70 శాతం దీని చేతుల మీదుగానే నడిచాయి. అంత సొమ్మును పట్టుకుని కూర్చున్న సంస్థకు లైసెన్సు లేదు. ఖాతాదారుల నాణేలు నిజంగా ఉన్నాయో లేవో చూసే ఆడిటర్ లేడు. సొమ్ము పోతే ఆదుకునే బీమా లేదు. ఫిర్యాదు చేసుకోవడానికి ఒక కిటికీ అయినా లేదు.

హెచ్చరిక రాలేదని ఎవరూ అనలేరు. 2011 జూన్ 19న ఒక దొంగ లోపలికి చొరబడి అమ్మకాలు గుమ్మరిస్తే, 17 డాలర్ల దగ్గరున్న బిట్‌కాయిన్ ఆ ఎక్స్ఛేంజీలో నిమిషాల్లో ఒక్క సెంటుకు పడిపోయింది. దాదాపు 60 వేలమంది ఖాతాల వివరాలు బయటపడ్డాయి. కంపెనీ కొన్నాళ్ళు మూతపడి మళ్ళీ తెరుచుకుంది. సొమ్ము భద్రంగా ఉందని నమ్మించడానికి కార్పెలెస్ 4,24,242 బిట్‌కాయిన్లను ఒక చిరునామా నుంచి ఇంకో చిరునామాకు పంపి చూపించాడు. అంతే, అదే రుజువు. ఒక సంస్థ తన దగ్గరున్నది తానే చూపించుకుని, ఇవ్వాల్సింది ఎంతో చెప్పకపోతే అది లెక్క ఎలా అవుతుంది? ఆ మాట అడగాల్సిన బాధ్యత ఉన్నవాళ్ళు ఎవరూ అడగలేదు. ఆ సెప్టెంబరులోనే అసలు దొంగతనం మొదలైందని అమెరికా న్యాయశాఖ తర్వాత ఆరోపించింది. దాదాపు 6,47,000 బిట్‌కాయిన్లు ఏళ్ళ తరబడి కారిపోతూనే ఉన్నాయి. పైన మాత్రం ఖాతాదారుల స్క్రీన్ మీద అంకెలు నిండుగా కనిపించాయి. కొత్త డిపాజిట్లు వచ్చిపడుతూనే ఉన్నాయి.

మౌంట్ గాక్స్ ఒక్కటే అయితే ఏదో ఒక్కడి నిర్వాకం అని సరిపెట్టుకునేవాళ్ళం. పోలండ్‌లోని బిటోమాట్ 2011 వేసవిలో అద్దె సర్వర్‌ను రీస్టార్ట్ చేస్తూ వాలెట్ ఫైలునే పోగొట్టుకుంది. 17 వేల బిట్‌కాయిన్లు గల్లంతు. 2012లో బిట్‌కాయినికా మీద మార్చిలో ఒకసారి, మేలో మరోసారి దొంగలు పడ్డారు. న్యూయార్క్‌లోని బిట్‌ఫ్లోర్ వాలెట్ తాళాల బ్యాకప్‌ను ఎన్‌క్రిప్షన్ లేకుండా ఉంచి, అదే ఏడాది సెప్టెంబరులో 24 వేల నాణేలు పోగొట్టుకుంది. మళ్ళీ నిలదొక్కుకుని కొద్దికొద్దిగా బాకీ తీరుద్దామనుకునేలోగా 2013 ఏప్రిల్‌లో దాని బ్యాంకు ఖాతా మూతపడింది. దాంతో అదీ పోయింది. టైలర్ మూర్, నికొలాస్ క్రిస్టిన్ అనే ఇద్దరు పరిశోధకులు 2013లోనే 40 ఎక్స్ఛేంజీల చరిత్ర తిరగేసి, వాటిలో 18 మూతపడ్డాయని లెక్క తేల్చారు. పేరున్న ఎక్స్ఛేంజీలు మూతపడే అవకాశం తక్కువే అయినా, దొంగలు పడే ప్రమాదం వాటికే ఎక్కువని కూడా రాశారు. మౌంట్ గాక్స్ కూలడానికి ఏడాది ముందు అచ్చయిన మాట ఇది. చదవాల్సినవాళ్ళు చదివి ఉంటే ఎన్ని కుటుంబాలు నిలబడేవో!

ఇక ప్రభుత్వాల సంగతి. 2013 మేలో మొదలుపెట్టి అమెరికా అధికారులు మౌంట్ గాక్స్‌కు చెందిన 50 లక్షల డాలర్లకు పైగా స్వాధీనం చేసుకున్నారు. నగదు బదిలీ వ్యాపారానికి రిజిస్ట్రేషన్ లేదన్నది అభియోగం. చట్టం ఉంది, అమలు చేశారు. మంచిదే. కానీ అదే చేత్తో ఖాతాదారుల నాణేలు ఉన్నాయో లేవో ఒక్కసారి తనిఖీ చేయించలేదేం? చట్టానికి కంపెనీ తప్పు కనబడింది, ఆ కంపెనీని నమ్మినవాళ్ళ సొమ్ము కనబడలేదు. జూన్‌లో డాలర్ల విత్‌డ్రాయల్స్ ఆగిపోయాయి. తర్వాత మొదలయ్యాయని చెప్పినా నెలల తరబడి డబ్బు చేతికి రాలేదు. కంపెనీ ఖాతా ఉన్న మిజుహో బ్యాంకు బయటికి వెళ్ళే సొమ్మును ఆపి, లోపలికి వచ్చే సొమ్మును మాత్రం తీసుకుంటూ పోయిందని ఖాతాదారులు ఆ తర్వాత అమెరికా కోర్టుల్లో దావాలు వేశారు. మూల్యం చెల్లించింది మాత్రం అటు బ్యాంకూ కాదు, ఇటు ప్రభుత్వమూ కాదు.

2014 ఫిబ్రవరి 7న బిట్‌కాయిన్ల విత్‌డ్రాయల్స్ కూడా ఆగిపోయాయి. సాఫ్ట్‌వేర్‌లో లోపం ఉందన్నారు. తన సొమ్ము ఏమైందో అడగడానికి లండన్ నుంచి ఒక ఖాతాదారు విమానం ఎక్కి టోక్యో వచ్చాడు. షిబుయాలోని ఆఫీసు ముందు, మంచు కురుస్తుంటే, మా డబ్బు ఎక్కడ అని రాసిన అట్ట పట్టుకుని రోజుల తరబడి నిలబడ్డాడు. కార్పెలెస్ చేతిలో కాఫీ కప్పుతో అతన్ని దాటుకుని లోపలికి వెళ్ళిన దృశ్యం వీడియోలో ఉంది. ఖాతాదారుల సొమ్ము చిక్కుకుపోయిన ఆ రోజుల్లో కంపెనీ అధిపతి ధ్యాసంతా అదే భవనంలో తెరవబోయే బిట్‌కాయిన్ కేఫ్ మీదే ఉండేదని తర్వాత పత్రికలు రాశాయి. ఇది చదివినప్పుడల్లా నాకు రక్తం మరుగుతుంది. వీధిలో మంచులో నిలబడినవాడు భిక్ష అడగలేదు. తన సొమ్ము తనకివ్వమన్నాడు.

ఆ నెల 28న దివాలా రక్షణ కోరుతూ పిటిషన్ పడింది. ఖాతాదారులవి ఏడున్నర లక్షలు, కంపెనీవి మరో లక్ష బిట్‌కాయిన్లు లేవన్నారు. కార్పెలెస్ కెమెరాల ముందు తల వంచాడు. కొన్నాళ్ళకే పాత వాలెట్‌లో 2 లక్షల నాణేలు దొరికాయని ప్రకటించారు. తమ దగ్గర ఎంతుందో తమకే తెలియని చోట లక్షమందికి పైగా తమ కష్టార్జితం దాచుకున్నారు! అప్పటి జపాన్ ఆర్థికమంత్రి తారో అసో, ఇది ఎప్పుడో ఒకప్పుడు కూలుతుందని తాను ముందే అనుకున్నానని విలేకరులతో అన్నారు. ముందే అనుకున్నారు సరే, ముందే ఏం చేశారు? పిటిషన్ పడ్డ వారానికే బిట్‌కాయిన్ కరెన్సీ కాదని ఆ ప్రభుత్వం తేల్చేసింది. ఆ లావాదేవీల మీద పన్ను మాత్రం పడుతుందని అదే నోటితో చెప్పింది.

అసలు హింస ఆ తర్వాతే మొదలైంది. దివాలా చట్టం ప్రకారం పోయిన ఒక్కో బిట్‌కాయిన్‌కు విలువ 50,058 యెన్‌ల దగ్గర గడ్డకట్టింది. అది 2014 ఏప్రిల్ నాటి ధర. 2017 చివరికి బయట ఒక్క బిట్‌కాయిన్ 20 లక్షల యెన్‌లు దాటింది. దివాలా ఆస్తిలో మిగిలిన నాణేల విలువ అప్పులన్నిటినీ మించిపోయింది. అయినా ఖాతాదారుకు దక్కేది పాత ధరే. మిగులు? వాటాదారులకు పోవాలి. ఆ వాటాల్లో 88 శాతం ఉన్నది కార్పెలెస్ కంపెనీకి. సొమ్ము పోగొట్టినవాడి ఇంటికి మిగులు వెళ్ళాలని చట్టం అక్షరాలా చెబుతుంటే చూస్తూ ఎలా ఊరుకోగలిగారు? ఆ సొమ్ము తనకు వద్దని అతనే అన్నాడు. చట్టాన్ని మార్చాల్సినవాళ్ళు మాత్రం నోరు మెదపలేదు. చివరికి ఖాతాదారులే లాయర్లను పెట్టుకుని, కోర్టు చుట్టూ తిరిగి, 2018 జూన్‌లో కేసును దివాలా నుంచి సివిల్ పునరుద్ధరణకు మార్పించుకున్నారు. ప్రణాళికకు ఆమోదం రావడానికి 2021 అయింది. మొదటి నాణెం చేతికి రావడానికి 2024 జూలై అయింది. చెల్లింపుల గడువు ఒకసారి 2025 అక్టోబరుకు, మళ్ళీ 2026 అక్టోబరుకు జరిగింది. ఈ పదేళ్ళలో పెళ్ళిళ్ళు ఆగినవాళ్ళు, ఇళ్ళు అమ్ముకున్నవాళ్ళు, ఎదురుచూస్తూనే కన్నుమూసినవాళ్ళు ఎందరుంటారో ఏ ప్రభుత్వమైనా లెక్క రాసిందా?

దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయంటారు. ఇక్కడ పన్నెండేళ్ళు పట్టింది. ఇద్దరు రష్యన్ల మీద ఈ దొంగతనం అభియోగాన్ని అమెరికా బయటపెట్టింది 2023లో.

చేయాలనుకుంటే చేయవచ్చని చూపించింది కూడా జపానే. 2017 ఏప్రిల్ నుంచి ఎక్స్ఛేంజీలకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. ఖాతాదారుల ఆస్తిని కంపెనీ ఆస్తితో కలపకూడదంది. 2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ అనే ఎక్స్ఛేంజీ కుప్పకూలి ప్రపంచమంతా హాహాకారాలు చేస్తుంటే, దాని జపాన్ శాఖలోని ఖాతాదారులు మూడు నెలల్లో, 2023 ఫిబ్రవరిలో, తమ సొమ్ము వెనక్కి తీసుకోగలిగారు. సొమ్ము విడిగా ఉంది కాబట్టి దక్కింది. ఒక్క నిబంధన చేసిన మేలు ఇది. 2011లో బిట్‌కాయిన్ సెంటుకు పడిపోయిన రోజే ఆ నిబంధన పెట్టి ఉంటే?

మరి మన దేశం ఏం నేర్చుకుంది? 2013 డిసెంబరులో రిజర్వ్ బ్యాంకు జాగ్రత్త అని ఒక ప్రకటన ఇచ్చింది. 2018 ఏప్రిల్‌లో బ్యాంకులు ఈ వ్యాపారాన్ని ముట్టుకోవద్దంది. 2020 మార్చిలో సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. 2022లో లాభం మీద 30 శాతం పన్ను, ప్రతి అమ్మకం మీద ఒక శాతం టీడీఎస్ వచ్చాయి. ఒక నాణెంలో వచ్చిన నష్టాన్ని మరో నాణెం లాభంలో మినహాయించుకోనివ్వరు కూడా. ఇంత పకడ్బందీగా పన్ను రాసినవాళ్ళు, ఖాతాదారు సొమ్ము విడిగా ఉండాలని ఒక్క వాక్యం రాయలేకపోయారు. 2024 జూలై 18న వజీర్‌ఎక్స్ ఎక్స్ఛేంజీ నుంచి సుమారు 2,000 కోట్ల రూపాయల విలువైన ఆస్తులు మాయమయ్యాయి. మన దేశంలో రూపాయలు కట్టిన ఖాతాదారులు తమ గతి ఏమవుతుందో తెలుసుకోవడానికి సింగపూర్ హైకోర్టు వైపు చూడాల్సి వచ్చింది. దాని మాతృ కంపెనీ అక్కడ రిజిస్టరై ఉంది మరి. 2025 అక్టోబరు దాకా వాళ్ళ క్రిప్టో నిల్వలు స్తంభించిపోయాయి. టీడీఎస్ కోసుకున్న ఖజానా హైదరాబాద్‌లోనో విజయవాడలోనో జీతం దాచుకున్న కుర్రాడికి చూపిన దారి ఏది?

ఈ ఖాతాదారులు రాయితీలు అడగడం లేదు. ధర పడితే ఆదుకోమనడం లేదు. ఖాతాదారుల ఆస్తిని వ్యాపారం ఆస్తితో కలిపినవాడికి జైలు పడాలి. ఉన్నదెంతో, ఇవ్వాల్సిందెంతో బయటి ఆడిటర్ క్రమం తప్పకుండా చెప్పాలి. మన దేశంలో డబ్బు వసూలు చేసే ప్రతి ఎక్స్ఛేంజీ మన కోర్టుల్లో జవాబు చెప్పాలి. దివాలా తీస్తే పోయిన నాణేనికి నాణెమే లెక్క కావాలి. ఫిర్యాదు తీసుకోవడానికి పేరూ ఊరూ ఉన్న ఒక అధికారి ఉండాలి. ఇందులో గొంతెమ్మ కోరిక ఏదైనా ఉందా?

పాలకులారా, ఆ సొమ్ము మీద మీకు హక్కు ఉందని రసీదు రాసుకున్నారు. హక్కు రాసుకున్న చేత్తోనే బాధ్యతా రాయండి. ఇంకో ఎక్స్ఛేంజీ కూలిన మర్నాడు కాదు, వచ్చే పార్లమెంటు సమావేశాల్లోనే రాయండి. అప్పటిదాకా, మునిగినవాడిని అత్యాశపరుడని పిలిచే అర్హత మీలో ఏ ఒక్కరికీ లేదు.