బిగువే బలమను భ్రాంతి

శక్తి పెంచిన స్పోర్ట్స్ కార్ల మీద మక్కువ గలవారిలో ఒక సిద్ధాంతము గట్టిగా వేరూని యున్నది. ఇంజను శక్తిని పెంచినవాడు పాత క్లచ్‌ను తీసి క్రొత్తది వేయునప్పుడు, అంగడిలో దొరకువానిలో దేనికి అత్యధికమైన టార్కును మోయు సామర్థ్యము కలదో దానినే కొనవలెననియు, బిగువు ఎంత యెక్కువైన అంత మేలనియు, అవసరమునకు మించిన బలము వలన నష్టమేమియు లేదనియు, నేటి మిగులు రేపు శక్తిని మఱికొంత పెంచినప్పుడు అక్కఱకు వచ్చుననియు ఆ సిద్ధాంతసారము. అమ్మువారు దీనినే చెప్పుచున్నారు. కొన్నవారు దీనినే తోడివారికి ఉపదేశించుచున్నారు. ఆర్గానిక్ ప్లేటు పిఱికివాని యెన్నిక యనియు, ఆరు సిరామిక్ బిళ్లల ప్లేటు ధీరుని యెన్నిక యనియు ఒక తారతమ్యము కూడ దీనినుండి పుట్టినది. ఈ సిద్ధాంతము తప్పనియు, ఎన్నో మంచి కార్లను చెఱచుచున్న తప్పనియు నిరూపించుట ఈ వ్యాసోద్దేశము.

వాదము గాలిలో నిలువకుండ ఒక కారును ఎదుట నుంచుకొందము. 1989 ఫిబ్రవరిలో షికాగో మోటారు ప్రదర్శనలో మాజ్డా సంస్థ లోకమునకు చూపిన ఎమ్‌ఎక్స్-5, అమెరికాలో మియాటా యను పేర ప్రసిద్ధికెక్కిన ఆ చిన్న రెండు సీట్ల కారు, ఈ చర్చకు మిక్కిలి తగినది. తొషిహికో హిరాయి నాయకత్వమున దానిని రూపొందించినవారు గుఱ్ఱమును రౌతును ఒక్క శరీరమై మెలగవలెనను ఆదర్శమును ముందుంచుకొని, శక్తి కంటె తేలికదనమునకును, వేగము కంటె చేతికిని కాలికిని తెలియు స్పర్శకును ప్రాధాన్యము నిచ్చిరి. 1.6 లీటర్ల తొలి ఇంజను టార్కు సుమారు 135 న్యూటన్-మీటర్లు. కారు బరువు ఒక టన్నుకు లోపు. 2016లో పది లక్షలవ కారు కర్మాగారము నుండి వెలువడినదనిన దాని ఆదరణ ఎంతటిదో తెలియును. ఈ ఇంజనుకు టర్బో బిగించి టార్కును 250 న్యూటన్-మీటర్ల దాక తెచ్చుట అభిమానులకు పరిపాటి. అంతటి టార్కుకు 200 మిల్లీమీటర్ల తొలి క్లచ్ జారుననుటలో వివాదము లేదు. ఎక్కుడు గేరులో యాక్సిలరేటరు అదిమినంతనే ఇంజను చుట్లు పెరుగును గాని కారు వేగము పెరుగదు. క్లచ్‌ను మార్చవలసినదే. ఏది వేయవలెను, ఎట్లు వేయవలెను అనునదే ప్రశ్న.

క్లచ్ మోయగల టార్కు నాలుగు అంశముల లబ్ధము. ప్లేటు మీది పదార్థపు ఘర్షణ గుణకము ఒకటి. ప్రెషర్ ప్లేటు నొక్కు బలము రెండవది. ఘర్షణ జరుగు వలయపు సగటు వ్యాసార్ధము మూడవది. ఘర్షించు ముఖముల సంఖ్య నాలుగవది. ఒంటి ప్లేటు క్లచ్‌కు ముఖములు రెండు. గుణకము 0.3, నొక్కు బలము 5000 న్యూటన్లు, వ్యాసార్ధము 90 మిల్లీమీటర్లు అనుకొన్నచో సామర్థ్యము 270 న్యూటన్-మీటర్లగును. నొక్కు బలమును 6000 న్యూటన్లకు పెంచినచో అది 324కు చేరును. మన టర్బో ఇంజను ఇచ్చునది 250 మాత్రమే కావున, మూడింట ఒకవంతుకు కొంచెము తక్కువ మిగులు ఇందులోనే కలదు. కార్లను నిర్మించు ఇంజనీర్లు సైతము సాధారణముగ ఇంజను టార్కుకు 1.2 మొదలు 1.5 రెట్ల సామర్థ్యముతోనే తృప్తి చెందుదురు. ఇట్టి స్థితిలో 600 న్యూటన్-మీటర్ల క్లచ్‌ను తెచ్చి బిగించుట జాగ్రత్త యెట్లగును? అది లెక్క వేయని వాని తొందరపాటు మాత్రమే.

ఇచట ఒక క్రమము పాటింపదగినది. ముందు పెంచవలసినది వ్యాసార్ధము. 1994 నుండి 1.8 లీటర్ల ఇంజనుతో వచ్చిన ఎమ్‌ఎక్స్-5కు 215 మిల్లీమీటర్ల క్లచ్ కలదు. దాని ఫ్లైవీలుతో సహా ఆ క్లచ్ పాత 1.6 ఇంజనుకు చక్కగా అమరును. పెడలు బరువెక్కదు, పట్టుకొను తీరు మాఱదు. సామర్థ్యము మాత్రము పెరుగును. అదియు చాలనప్పుడు నొక్కు బలమును మితముగ పెంచవలెను. పదార్థమును మార్చుట కడపటి ఉపాయము. ప్రబలమైన మతము ఈ క్రమమును తలక్రిందులు చేసి, కడపటి ఉపాయముతోనే ఆరంభించుచున్నది. పైగా అమ్మువారు క్లచ్‌లకు పెట్టు ‘స్టేజి’ అను పేరు ఏ ప్రమాణ సంస్థయు నిర్ణయించిన కొలత కాదు. ఒక తయారీదారుని స్టేజి రెండు మఱియొకని స్టేజి ఒకటితో సమానము కావచ్చును. అట్టి పేరును చూచి కొనుట కొలత తెలియక కొనుటయే.

అధిక సామర్థ్యము వలన నష్టము లేదను మాటను ఇక పరీక్షింతము. క్లచ్ ధర్మము పట్టుట మాత్రమే యైనచో ఆ మాట నిజమయ్యెడిది. ఇంజనును గేర్‌బాక్సును బోల్టులతో ఏకముగ బిగించుట అంతకంటె ఉత్తమమయ్యెడిది. కాని క్లచ్ ధర్మము రెండు విధములు: పట్టవలసినప్పుడు పట్టుట, జారవలసినప్పుడు కొలతగా జారుట. మన ఊళ్లలో డ్రైవింగు నేర్చువారికి మొదట పట్టువడవలసినది హాఫ్ క్లచ్ అనుట అనుభవజ్ఞులు ఎఱిగినదే. నిలిచియున్న కారును కదలించునప్పుడు, ఇంజను వేగమును స్థిరముగ నుంచి క్లచ్‌ను మెల్లగ వదలినచో, కారు సంపాదించు గతిశక్తి ఎంతయో క్లచ్‌లో వేడిగా మాఱు శక్తియు అంతయే. టన్ను బరువు గల కారు గంటకు 15 కిలోమీటర్ల వేగమునకు వచ్చుసరికి దాదాపు 8.7 కిలోజూళ్ల వేడి ఆ ప్లేటు మీద పుట్టును. కావున జారుట అనునది క్లచ్ లోపము కాదు, ప్రతి కూడలి యొద్దను అది చేయవలసిన పని.

ఆ పనిని ఆర్గానిక్ ప్లేటు మర్యాదతో చేయును. దాని రెండు ముఖముల నడుమ అలలవలె వంపులు తిరిగిన పలుచని ఉక్కు రేకులుండును. పెడలు వదలుకొలది అవి క్రమముగ చదునై, పట్టు కొంచెము కొంచెముగ హెచ్చును. నడిమి హబ్‌లోని స్ప్రింగులు, నాలుగు సిలిండర్ల ఇంజను చుట్టు చుట్టుకు రెండేసి మార్లు కొట్టు దెబ్బలను మెత్తబఱచి గేర్‌బాక్సునకు అందించును. బిళ్లల ప్లేటులో ఈ ఉక్కు రేకులు తఱచుగ లేవు. కొన్నింటిలో హబ్ స్ప్రింగులును లేవు. బిళ్లల వైశాల్యము తక్కువైనంత మాత్రమున పట్టు పెరుగదు. పై లెక్కలో వైశాల్యమునకు స్థానమే లేదు. పెరుగునది గుణకము, దానితోపాటు బిళ్ల మీది ఒత్తిడి, అరుగుదల. ఆ పదార్థమునకు నిలిచి పట్టు ఘర్షణకును జారునప్పటి ఘర్షణకును నడుమ అంతరము పెద్దదగుటచేత, కారు కదలునప్పుడు పట్టి వదలి పట్టి వదలి ఒక వణుకు పుట్టును. గుఱ్ఱమును రౌతును ఒక్క శరీరమై యుండవలెనని కట్టిన కారులో ఈ వణుకును తెచ్చిపెట్టుట దాని మూలాశయమునకే ద్రోహము.

హాని అంతటితో ఆగదు. ఇంటిలో ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నదని దాని స్థానమున లావుపాటి తీగను చుట్టినవానికి ఫ్యూజు పోవు బాధ తప్పును గాని, తరువాత కాలునది గోడలోని వైరు. క్లచ్ సైతము గేర్‌బాక్సునకును వెనుకనున్న డిఫరెన్షియల్‌కును అట్టి రక్షకురాలు. అతివేగముగ వచ్చిన దెబ్బను తాను కొంచెము జారి తనలో ఇముడ్చుకొనును. తొలి 1.6 ఎమ్‌ఎక్స్-5 డిఫరెన్షియల్‌లోని క్రౌన్ వీలు 6 అంగుళములది. అది బలహీనమని అందఱును ఎఱుగుదురు, 1994లో దాని స్థానమున 7 అంగుళములది వచ్చినది. ఏ మాత్రము జారని క్లచ్‌ను వేసినవాడు ఆ దెబ్బను నశింపజేయుటలేదు; దానిని తక్కువ ఖరీదైన భాగము నుండి ఎక్కువ ఖరీదైన భాగమునకు తరలించుచున్నాడు.

ముందువైపు ఇంజనునకు కలుగు హాని ఇంకను గూఢమైనది. పెడలు నొక్కినప్పుడెల్ల రిలీజు బేరింగు ప్రెషర్ ప్లేటు ఫింగర్లను నొక్కును. ఆ త్రోపు క్రాంకుషాఫ్టు మీదుగ ఇంజనులోని థ్రస్టు బేరింగు మీద పడును. స్ప్రింగు ఎంత గట్టిదైన త్రోపు అంత యెక్కువ. అమెరికాలో అమ్మిన మాన్యువల్ కార్లలో పెక్కింటిని పెడలు నొక్కిపట్టియే స్టార్టు చేయవలెను. అనగా నూనె పీడనము ఇంకను ఏర్పడని క్షణమున, పొడిగా నున్న బేరింగు మీద ఆ త్రోపంతయు మోపబడును. నూరు కుదుపులకు చెడని కారు ఈ నిత్యపు ఒత్తిడికి చెడవచ్చును. ఈ కార్లలో క్లచ్ స్లేవ్ సిలిండరు కారుట సామాన్యమైన లోపము. దాని మీద సైతము ఈ బరువు పడుచున్నది. నష్టము లేదను మాట నిజమయ్యెడి చోటు ఈ దారి పొడవున ఎచట కలదు?

రేపటి శక్తికై నేడే సమకూర్చుకొనవలెనను వాదమునకు సమాధానము సులభము. రేపు ఇంజను శక్తి రెట్టింపైనచో, క్లచ్ ఒక్కటియే కాదు, గేర్‌బాక్సు, డిఫరెన్షియల్, రేడియేటరు, బ్రేకులు అన్నియు మాఱవలసి వచ్చును. గేర్‌బాక్సు ఎట్లును దింపవలసిన ఆ నాడు క్లచ్‌ను మార్చుట అదనపు శ్రమ కాదు. రాని రేపటికై ప్రతిదినమును ట్రాఫిక్‌లో వణుకుతో బరువైన పెడలును నొక్కుట దూరదృష్టి యనిపించుకొనదు.

పూర్వపక్షమున సత్యమున్న చోటును మఱువరాదు. నిలిచియున్న చోటు నుండి ఇంజను చుట్లను పెంచి ఒక్కమాటుగ పెడలు వదలు డ్రాగ్ పందెములలో, ఆర్గానిక్ పదార్థము వేడికి పట్టు కోల్పోవును. సిరామిక్, సింటర్డ్ పదార్థములు ఆ వేడిలో సైతము నిలుచును. అచటి కారు వీథిలో తిరుగదు, దాని డిఫరెన్షియల్‌ను అందుకు తగినట్లే మార్చియుందురు. ఆ పనికి ఆ క్లచ్ తగినదే. పందెపు బాటకు తగినదానిని ఇంటి నుండి కార్యాలయమునకు వెళ్లు కారులో బిగింపుమని చెప్పుటయే మేము ఖండించునది.

ఆర్గానిక్ క్లచ్ వేసితిమి, నెలలోనే జారినది, కావున అది బలహీనమను సాక్ష్యము తఱచు వినబడును. ఆ సాక్ష్యములో పెక్కుపాళ్లు బిగింపులోని అశ్రద్ధకు చెందినవి. గేర్‌బాక్సును దింపినప్పుడు క్లచ్ గది అడుగున నూనె తడి కనబడెనా? కనబడినచో క్రాంకుషాఫ్టు వెనుక ఆయిల్ సీలు పోయినదని అర్థము; దానిని మార్చక వేసిన ప్లేటు, వారములో నూనె త్రాగి జారక మానదు. ఫ్లైవీలు ముఖము మీద నీలి మచ్చలును, వెండ్రుక వంటి పగుళ్లును ఉన్నచో, మచ్చలున్నదానిని మిషనులో పట్టించి సమతలము చేయవలెను, పగిలినదానిని పారవేయవలెను. ఫ్లైవీలు నడుమనున్న చిన్న పైలట్ బేరింగు ఖరీదు స్వల్పము; ఉపేక్షించినచో అది అఱచుట ఆరంభించిన నాడు గేర్‌బాక్సును మఱల దింపవలెను. క్రొత్త ప్రెషర్ ప్లేటు తుప్పు పట్టకుండ పూసిన నూనెను బ్రేక్ క్లీనరుతో కడుగక బిగించువారు పలువురు.

స్ప్లైన్ల మీద గ్రీజు తడిమి తుడిచినంత పలుచగా నుండవలెను; ఎక్కువైనది విసరబడి ప్లేటు ముఖము మీద పడును. ప్లేటును స్ప్రింగుల వైపు గేర్‌బాక్సు దిక్కునకు త్రిప్పి, అలైన్‌మెంటు టూలును నడుమ నిలిపి, ప్రెషర్ ప్లేటు బోల్టులను ఎదురెదురుగ, ఒక్కొక్కదానిని కొన్ని చుట్లు మాత్రమే బిగించుచు, చివరకు వర్క్‌షాపు మాన్యువల్ చెప్పిన కొలతకు టార్కు రెంచితో ముగింపవలెను. ఒక ప్రక్కనే బిగించినవాడు ప్రెషర్ ప్లేటు కవరును వంచును. అన్నిటికంటె గట్టి జాగ్రత్త గేర్‌బాక్సును తిరిగి ఎక్కించునప్పటిది. షాఫ్టు మొన స్ప్లైన్లలోనికి దూఱిన పిమ్మట, చేతులు అలసినవని ఆ బరువంతయు హబ్ మీద వ్రేలాడదీసినచో ప్లేటు వంగును. వంగిన ప్లేటు పెడలు పూర్తిగా నొక్కినను విడువక ఈడ్చును, గేరు పడదు. అప్పుడు నింద క్లచ్ మీదికి పోవును. గేర్‌బాక్సును డిఫరెన్షియల్‌తో కలుపు అల్యూమినియం ఫ్రేము ఈ కారు ప్రత్యేకత. దానిని తిరిగి సరిగా నిలుపనిచో పుట్టు కంపమునకు కూడ క్రొత్త క్లచ్చే అపరాధిగా నిలుచును.

బిగించిన దినముననే పూర్తి శక్తితో పరీక్షించుట మఱియొక దురాచారము. క్రొత్త ముఖములు ఒకదానితో నొకటి ఒదుగుటకు 500 నుండి 800 కిలోమీటర్ల దాక పట్టణపు నడక, అనగా తఱచుగ ఆగుచు కదలుచు సాగు నడక, అవసరము. రాజమార్గము మీద సాగిన కిలోమీటర్లు ఈ లెక్కలోనికి రావు. ఈ ఓర్పు లేనివాడు ముఖమును గాజువలె నునుపు చేసి, పిమ్మట బిళ్లల ప్లేటును కొనబోవును.

తేలిక ఫ్లైవీలు మోజు సైతము ఈ భ్రాంతికి సోదరియే. సుమారు 8 కిలోల చక్రమునకు బదులు దానిలో సగము బరువు గలదానిని వేసినచో ఇంజను చురుకుగ చుట్లెక్కును, నిజమే. కాని ఆ బరువే కారు కదలునప్పుడు ఇంజను ఆగిపోకుండ కాచునది, జారునప్పటి వేడిని త్రాగునది. బిళ్లల ప్లేటు, తేలిక చక్రము రెండును కలిసినప్పుడు వీథిలో కారు మెల్లగ కదలుట అసాధ్యప్రాయమగును.

క్లచ్‌ను ఎన్నుకొనువాడు అంగడిలోని అతిపెద్ద సంఖ్యను వెదకరాదు; తన ఇంజను నిజముగ ఇచ్చు టార్కును డైనమోమీటరు మీద కొలిపించి, దానికి నాలుగవ వంతు మొదలు సగము వఱకు మిగులు చేర్చి, అంతటిలో మిక్కిలి మెత్తగ పట్టుదానిని కొనవలెను; మిగిలిన ధనమును ఆయిల్ సీలునకును, పైలట్ బేరింగునకును, స్లేవ్ సిలిండరునకును, శ్రద్ధ గల మెకానిక్కు కూలికిని వెచ్చింపవలెను. అట్లు చేసిన కారు పెంచిన శక్తినంతయు చక్రములకు అందించును, పాతదానివలెనే కాలికి లొంగును. శక్తిని పెంచుట ధనము గలవానికెల్ల సాధ్యమే. ఆ శక్తిని కోల్పోకయే కారును సుఖముగ నడుపుటకు తగినట్లు నిలుపుకొనుట వివేకికే సాధ్యము, ఆ వివేకమునకు మొదటి పరీక్ష క్లచ్ ఎన్నికయే.